ఆ రోజు నేల తడిగా లేదు

ఆ బడిలో చదివిన పిల్లలు పెద్దవాళ్లై ఎక్కడెక్కడో స్థిరపడ్డాక కూడా, బడి మాటొస్తే పాఠాలకంటే ముందు ఆయమ్మనే తలుచుకునేవారు. గంట కొట్టేది ఆవిడే, గదులు తుడిచేది ఆవిడే, కారే ముక్కు తుడిచేదీ ఆవిడే. కొంగుకి ఎప్పుడూ సూదీ దారం గుచ్చుకుని తిరిగేది. గుండీ ఊడి ఎవడైనా వస్తే, "నీ పెళ్లికి కూడా నేనే వచ్చి కుట్టాలేమిట్రా?" అని కసురుతూనే కుట్టి, ఊడదు కదా అని ఒకసారి లాగి చూసి మరీ పంపేది.

ఆవిడకొక పద్ధతుండేది. వరండాలో తడిగుడ్డ పెట్టే ముందు ఖాళీ బకెట్ ఒకటి దారికి అడ్డంగా బోర్లించేది. బకెట్ బోర్లించి ఉందంటే అటు వెళ్లకూడదు. కొత్తగా చేరిన పిల్లలకి అక్షరాలకంటే ముందు అబ్బే చదువు అదే. పని అయ్యాక ఆవిడ తన పాదం నేలకి ఆనించి, ఆరిందని నమ్మకం కుదిరాకే బకెట్ తీసేది. అన్నేళ్లలో ఆ వరండాలో ఒక్క పిల్ల జారిపడలేదు. అది తన గొప్పేనని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. పొద్దున్నే గంట ముట్టుకునే ముందు కళ్లు మూసుకుని, "స్వామీ, ఇవాళ కూడా ఎవరికీ దెబ్బ తగలకుండా చూడు" అనుకునేది. చూస్తున్నది ఆయనే అని ఆవిడ నమ్మకం.

భర్త పోయి దిక్కుతోచక ఉన్న రోజుల్లో ఆవిడని చెయ్యి పట్టుకుని ఈ బడికి తెచ్చింది పెద్ద టీచరమ్మ. అప్పటినుంచీ విరామం గంటకి టీచరమ్మ ఫ్లాస్కులోంచి మొదటి టీ ఆయమ్మకే. ఒకసారి ఆయమ్మకి జ్వరమొస్తే పెద్ద టీచరమ్మ చీర చెంగు బిగించి వరండా అంతా తానే ఊడ్చింది. "దేవుడు అన్ని చోట్లకీ తాను రాలేక ఇలాంటివాళ్లని పంపుతాడు" అని ఆయమ్మ అందరికీ చెప్పుకునేది.

ఆ ఏడాది బడులన్నిటికీ కొత్త పద్ధతులొచ్చాయి. గోడలకి రంగులు పడ్డాయి, పంతుళ్లకి శిక్షణలు మొదలయ్యాయి. పిల్లల మీద చెయ్యి చేసుకుంటే విచారణ ఆ బడిలోనే, తల్లిదండ్రుల ఎదుటే జరగాలన్నారు. అంతకుముందైతే ఏ తండ్రో కోపంగా వచ్చేవాడు, కూర్చోబెట్టి నాలుగు మంచిమాటలు చెబితే చల్లబడి వెళ్లేవాడు. ఇక ఆ ఆట సాగదన్నమాట.

నాలుగో తరగతికి చెప్పే సారు పెద్ద టీచరమ్మ దగ్గర చదువుకున్నవాడే. పాఠం బాగా చెబుతాడు కానీ ముక్కు మీద కోపం. ఒక మధ్యాహ్నం ఆయమ్మ ఆ గదికి మంచినీళ్ల బిందె తీసుకెళ్లేసరికి, ముందు బల్ల మీద పిల్ల ఒకతి కిసుక్కున నవ్వింది. వాగుడెక్కువని దాన్ని అందరూ పిచ్చుక అంటారు. సారు చేతిలో ఉన్న చెక్క డస్టర్ రివ్వున వెళ్లి పిచ్చుక కనుబొమ మీద తగిలింది. ఆయమ్మ బిందె అక్కడే దించి, పిల్లని ఎత్తుకుని, రక్తానికి కొంగు అదిమి పట్టి పరిగెత్తింది. ఆసుపత్రిలో కుట్లు వేశారు. బట్టలు కుట్టి బతికే పిచ్చుక తల్లి ఆ సాయంత్రమే ఫిర్యాదు చేసింది.

మర్నాడు విరామంలో పెద్ద టీచరమ్మ ఆయమ్మకి టీ పోసి, లేచి తలుపు దగ్గరగా వేసింది.

"ఆయమ్మా, నాకో మాట సాయం చేస్తావా?"

"ప్రాణమడగండమ్మా."

"ప్రాణాలెందుకే! వరండా తడిగా ఉంది, పిల్ల జారి గడపకి కొట్టుకుందని చెప్పు. అంతే."

ఆయమ్మ చేతిలో టీ అలాగే ఉండిపోయింది. "అమ్మా... నేను బకెట్టు పెట్టకుండా..."

"నీ బకెట్టు సంగతి వచ్చేవాళ్లకేం తెలుసు? ఆ అబ్బాయి నా చేతుల్లో పెరిగినవాడు. ఈ కొత్త పద్ధతుల్లో వాడి ఉద్యోగం ఊడుతుంది. నిన్ను ఎవరేమంటారు? నేను లేనూ?"

ఆయమ్మ మింగలేక కక్కలేక నిలబడింది. "మరి పిల్లో?"

"తరగతిలో మిగతా పిల్లల సంగతి నేను చూసుకుంటాను. దానికి నువ్వంటే ప్రాణం. నువ్వు చెబితే వింటుంది."

ఆ మధ్యాహ్నం, కట్టు మార్పించుకోవడానికి వెళ్తూ దారిలో బడికొచ్చిన పిచ్చుకకి జడ రిబ్బన్ కడుతూ ఆయమ్మ అడిగింది: "ఎవరైనా అడిగితే జారి పడ్డానని చెబుతావామ్మా?"

"నేను జారలేదుగా?"

"నా కోసం."

పిల్ల కాసేపు ఆలోచించింది. "అలా చెబితే నిన్ను తిట్టరా?"

"నన్నెవరు తిడతారే!"

"అయితే సరే." ఇంతలోనే వేరే కబురేదో మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున గంట దగ్గర నిలబడి కళ్లు మూసుకుంటే ఆయమ్మకి ఎప్పుడూ అనుకునే ఆ మాట నోటికి రాలేదు.

విచారణ బడి హాల్లోనే పెట్టారు. విచారణకొచ్చిన మేడం నెమ్మదస్తురాలు, మాట మెత్తన. తల్లిదండ్రులు పిల్లల బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నారు. ఆయమ్మ గోడవారగా నిలబడి తాను చెప్పాల్సిన ముక్క లోలోపల వల్లించుకుంటోంది. ముందుగా పెద్ద టీచరమ్మ లేచింది.

"మా ఆయమ్మకి వయసు మీదపడింది మేడం. ఎన్నిసార్లు చెప్పినా నేల అలాగే నీళ్లోడుతుంటే వదిలేస్తుంది. ఇదివరకు కూడా ఇద్దరు ముగ్గురు పడ్డారు. పాపం అని ఊరుకుంటూ వచ్చాను. ఈ పిల్లకి దెబ్బ తగిలిన సాయంత్రమే, ఆవిడని తీసేసి వేరేవాళ్లని పంపమని పై ఆఫీసుకి చెప్పేశాను."

ఆ సాయంత్రమే. ఆ మాట ఆయమ్మకి వెంటనే తలకెక్కలేదు. తలుపు వేసి టీ పోసింది ఆ మర్నాడు కదా? అంటే ఆ టీ పోసే వేళకే తన పని అయిపోయింది. "నేను లేనూ" అన్నది ఆ తరవాతి మాట. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటారే, అన్నేళ్లుగా ఆ గుడ్డ పట్టిన మనిషికి అదేమిటో అప్పుడు తెలిసింది. ఉద్యోగం పోయినా ఓర్చుకునేది. కానీ ఇద్దరు ముగ్గురు పడ్డారట! ఎవరు? ఎప్పుడు?

మేడం పిచ్చుకని దగ్గరికి పిలిచింది. "నీకు దెబ్బెలా తగిలింది నాన్నా?"

పిల్ల ఆయమ్మ వంక చూసింది. "జారి పడ్డాను." వెంటనే గుక్క తిప్పుకోకుండా, "ఆయమ్మ తప్పు కాదు! బకెట్టు పెట్టింది. నేనే చూడకుండా పరిగెత్తాను. తప్పు నాదే," అంది.

పిచ్చుక తల్లి బల్ల మీంచి లేచింది. "ఏమే! ఇంట్లో సారు విసిరాడన్నావు, ఇక్కడ జారానంటావా? అందరి ముందూ నా పరువు తీస్తావా?" అని చెయ్యెత్తింది. పిల్ల కట్టు మీద చేతులడ్డం పెట్టుకుంది కానీ మాట మాత్రం మార్చలేదు.

ఆయమ్మ ఎప్పుడు కదిలిందో ఆవిడకే తెలియదు. వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఆ దెబ్బేదో నాకెయ్యి తల్లీ. దానిచేత అబద్ధమాడించింది నేను." మేడం వైపు తిరిగింది. "ఆ రోజు నేల తడిగా లేదమ్మా. ఆ పూట నేను గుడ్డే ముట్టుకోలేదు. సారు డస్టర్ విసిరారు. నేను గుమ్మంలోనే ఉన్నాను."

హాలంతా గుసగుసలు. సారు తలెత్తకుండానే, "విసిరాను," అన్నాడు.

మేడం ఆయన్ని ఆ రోజునుంచే తరగతికి వెళ్లొద్దంది. పెద్ద టీచరమ్మ కూడా పై ఆఫీసుకొచ్చి జవాబు చెప్పుకోవాలంది. తరవాత ఆయమ్మ వైపు చూసి, "పిల్లకి అబద్ధం నేర్పినందుకు మీరూ జవాబు చెప్పాలి," అంది.

"చెబుతానమ్మా. అడగాల్సిందే మరి."

హాలు ఖాళీ అయ్యాక పెద్ద టీచరమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది: "నీకు నేనింత చేస్తే, చివరికి ఇదా?"

"మీరు చేసింది మర్చిపోలేదమ్మా. మర్చిపోలేదు కాబట్టే అబద్ధం చెప్పడానికి వచ్చి నిలబడ్డాను." ఆయమ్మ వరండా వైపు చెయ్యి చూపించింది. "నేను తుడిచిన నేల మీద ఎవరు పడ్డారమ్మా? ఒక్క పిల్ల పేరు చెప్పండి."

పెద్ద టీచరమ్మ సంచీ తెచ్చుకోవడానికి తన గదిలోకి వెళ్లిపోయింది.

పని ఉన్నన్నాళ్లు పని చెయ్యాలి. ఆయమ్మ బకెట్ బోర్లించి, కళ్లు తుడుచుకుంటూ వరండాలో గుడ్డ పెట్టడం మొదలుపెట్టింది. తల్లితో ఇంటికి బయలుదేరిన పిచ్చుక బకెట్ దగ్గర ఆగి, "ఆయమ్మా, ఆరిందా?" అని కేకేసింది.

"లేదే. అటునుంచి వెళ్లు. అమ్మ చెయ్యి పట్టుకో."

వాళ్లు ఆవరణలోంచి చుట్టూ తిరిగి వెళ్లారు. ఆ వెనకే పెద్ద టీచరమ్మ సంచీ భుజాన వేసుకుని, ఎవరినీ చూడకుండా విసవిసా వచ్చింది. బకెట్ ముందు ఆవిడ పాదం టక్కున ఆగిపోయింది, రోజూ ఆగినట్టే. ఒక్క క్షణం అలాగే నిలబడి, చెప్పులు మట్టిలోకి దించి, చుట్టూ తిరిగి గేటు వైపు నడిచింది.

ఆయమ్మ గుడ్డ పిండుతూ ఆ పాదాల వైపే చూస్తూ కూర్చుంది.