గోడ మీద వెలుగు చుక్క

పొద్దున్నే డ్యూటీలోకి రాగానే డాక్టరమ్మ మొదట చేసే పని ఒకటుండేది. రోగి గొంతులోకి గొట్టం దించేటప్పుడు పట్టుకునే దీపాన్ని ఎడమ చేత్తో తీసి, దాని వెలుగును ఎదుటి తెల్లగోడ మీద వేసి, పది అంకెలు లెక్కపెట్టేది. చుక్క కదలకపోతే దేవుడికి దణ్ణం పెట్టుకుని పనిలో దిగేది. పద్నాలుగేళ్లుగా అదే ఆమె పూజ.

ఆ రోజు చుక్క వణికింది.

వణకదా మరి! ఎమర్జెన్సీలో జీతం పూటల లెక్కన. ఎన్ని డ్యూటీలు చేస్తే అంత. తనతో చదివి చర్మవ్యాధుల క్లినిక్కు పెట్టుకున్న స్నేహితురాలు, "మొటిమ అర్ధరాత్రి తలుపు తట్టదే పిచ్చిదానా!" అని నవ్వేది. కూతురు కాలేజీలో చేరినప్పటినుంచీ ఈవిడ నిద్ర మానుకుని అదనపు డ్యూటీలు నెత్తినేసుకుంది. ఇప్పుడు కోటు జేబులో ఒక కాగితం. ఇదే ఆసుపత్రి ఆఫీసులో కుర్చీ, పగటి పని, ఒకటిన్నర రెట్ల జీతం. కాకపోతే ఇక రోగి చెయ్యి పట్టుకునే పని ఉండదు. పదింటికల్లా సంతకం పెట్టాలి.

"ఏమ్మా, పెడుతున్నావా?" అంది డ్యూటీల పట్టిక రాసే హెడ్ సిస్టర్.

"కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేస్తుందేమో అక్కా."

"నిలబడితే పట్టదా ఏం?"

అంతలో తలుపులు భళ్లున తెరుచుకున్నాయి. కందిరీగలు కుట్టిన తాపీమేస్త్రి. నాలుక ఉబ్బి ఊపిరి ఆడడం లేదు. వెనకాల అతని భార్య, కాళ్లకు చెప్పుల్లేవు. ఆ హడావుడిలోనే ఊడ్చే ఆవిడ తన చెప్పులు విప్పి ఆమె ముందు పెట్టింది.

సూది మందు వేసినా వాపు ఆగలేదు. డాక్టరమ్మ దీపం అందుకుంది. గొంతులో వెలుగు అటూ ఇటూ ఊగింది. దారి కనబడలేదు. బయటికి తీసి, మాస్కుతో గాలి అందించింది.

"ఆక్సిజన్ ఎనభై రెండమ్మా," అంది సిస్టర్ తెర చూస్తూ. "డెబ్భై ఎనిమిది."

ఆ పూటకి మరో డాక్టరు లేడు. మళ్లీ దించింది. ఈసారి మోచేతి కింద సిస్టర్ అరచెయ్యి ఆనింది. వెలుగు నిలిచింది. గొట్టం దిగింది. మేస్త్రి ఛాతీ పొంగింది.

చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మ అడిగింది. "నా చెయ్యి వణుకుతోందని ఎన్నాళ్లుగా తెలుసక్కా?"

"పోయిన గురువారం నుంచి. రాత్రి డ్యూటీ చివర్లో నువ్వు సూది పెడుతుంటే చూశా."

"చెప్పలేదేం?"

"పాప ఫీజు కోసమే కదా డ్యూటీలు అడిగావు. నోరు రాలేదమ్మా."

డాక్టరమ్మ కాగితం తీసి, సంతకం చోట 'వద్దు' అని రాసింది. రాసిన చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది.

"హాస్టలు మానేసి బస్సులో తిరగమని పాపకి నేనే చెప్పుకుంటా. నువ్వు నాకొక్క సాయం చెయ్యక్కా. అదనపు డ్యూటీల్లో నా పేరు కొట్టెయ్. రేపు నేనే వచ్చి బతిమాలినా సరే, రాయకు."