మిల్లు మంటకు కారణం

1979 మార్చిలో నన్ను ఆదోని అగ్నిమాపక కేంద్రానికి స్టేషన్ ఆఫీసరుగా వేశారు. పత్తి ఊరు కాబట్టి ఎండలు ముదిరితే మాకు కునుకుండదు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లు, అంటుకుంది. మేము వెళ్లేసరికి పైకప్పు రేకులు వంగిపోయి ఉన్నాయి. మనుషులందరూ బయటపడ్డారు, అదొక్కటే ఊరట.

మంట ఆర్పడంతో మా పని అయిపోదు, కారణం తేల్చి పై అధికారికి నివేదిక పంపాలి. మిల్లు మేనేజరు నాకు ఆ శ్రమ తప్పించాలనుకున్నాడు. కోసిగి నుంచి వచ్చిన కూలి మద్దిలేటిని నా ముందు నిలబెట్టి, "వీని జేబులో బీడీలు దొరికినాయి సార్, ఇంకేం కావాల?" అన్నాడు. పక్కనే హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు. నేను బీడీ అని రాస్తే మద్దిలేటి మీద కేసు ఖాయం.

ఆ మిల్లులో ఒక కట్టుబాటు ఉండేది. లోపలికి వెళ్లేముందు బీడీలు, అగ్గిపెట్టె గేటు దగ్గరి గూట్లో పెట్టాలి. మద్దిలేటి అగ్గిపెట్టె మాత్రమే పెట్టాడు.

"బీడీలు ఆడ పెడితే సాయంత్రానికి అందరూ తాగేస్తారు సార్. నిప్పు లేకుండా బీడీ ఎట్ల కాలుతాది?" అన్నాడు.

"పక్కోని దగ్గర నిప్పు అడుక్కోలేడా?" అన్నాడు మేనేజరు. అదీ కాదనలేం.

శిక్షణలో మాకొక పాఠం చెప్పారు. 1937లో హైడ్రోజన్ నింపిన జర్మన్ ఎయిర్‌షిప్ ఒకటి అమెరికాలో దిగుతూ కాలిపోయింది. జనమూ కెమెరాలూ చూస్తుండగానే కాలింది. స్థిరవిద్యుత్తు రవ్వ అన్నారు, పిడుగు అన్నారు, కుట్ర అన్నారు. అందరూ ఒప్పుకున్న కారణం మాత్రం లేదు. అంతమంది చూసినదే తేలకపోతే, మొదటి రవ్వను ఎవరూ చూడని ఈ మంటను నేను ఏ ధైర్యంతో తేల్చాలి? ఎండు పత్తి రాపిడికి రవ్వ పుట్టవచ్చు. పత్తిలో వచ్చిన రాయి యంత్రం ఇనుముకు తగలవచ్చు. బీడీ కూడా కావచ్చు. ఏది నిజమో చెప్పే ఆనవాళ్లన్నీ బూడిదయ్యాయి.

ఈ మూడూ రాసి, కారణం నిర్ధారణ కాలేదని పంపాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. నాకు ఒళ్లు మండింది. జవాబుగా అదే మాట మళ్లీ రాశాను. పోలీసులు మద్దిలేటి మీద కేసు పెట్టలేదు.

కొన్నాళ్లకు మద్దిలేటి ఎమ్మిగనూరు బస్టాండులో మూటలు మోస్తూ కనిపించాడు. మిల్లు పని ఎందుకు మానేశావని అడిగాను.

"ఏ మిల్లుకు పోయినా 'ఆదోనిలో మంట పెట్టినోడు నువ్వేనా' అంటాండారు సార్. నేను కాదని మీరు రాయలేదంట గదా" అన్నాడు.

నిజమే, రాయలేదు. అలా రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. తెలియదని రాస్తే మనిషికి జైలు తప్పుతుంది, నింద తప్పదు. ఇప్పుడు అడిగినా నేను రాసేది ఆ మాటే.