మల్లయ్య కాక మైకుకు నేను పెట్టిన పరీక్ష

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో సాంచెల షెడ్డులోకి అడుగుపెడితే పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినపడేది కాదు. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా ఒకటే మోత... టకటక, టకటక...

అంత మోతలోనూ మా షెడ్డులో రేడియో పాటలు వినిపించేవంటే అది మల్లయ్య కాక పుణ్యమే. మా బాపు పక్క సాంచె ఆయనది. పాడైన రేడియోల్లోంచి వాల్వులు ఏరి, సొట్టపడ్డ గొట్టం ఒకటి తగిలించి, సొంతంగా మైకు సెట్టు కూర్చుకున్నాడు. గరగరమంటూ చెవిలో గుచ్చుకునేది దాని గొంతు. అయినా షెడ్డులో అందరూ దానితో పాటే పాడేవాళ్లు!

ఏటా మా నేతవాళ్ల మూలపురుషుడు మార్కండేయుడి జయంతికి కులపోళ్లందరి ముందు ఆ సెట్టు పెట్టేది కాకే. ఆ రోజు ఉతికిన తెల్లంగి తొడుక్కుని, మైకు పక్కనే స్టూలేసుకుని కూర్చునేవాడు. పెద్దమనుషులు వచ్చి "మల్లన్నా, షురూ చేద్దామా" అని ఆయన్ను అడిగేవాళ్లు. ఏడాదికి ఆ ఒక్క రోజే ఆయన్ను ఎవరైనా ఏదైనా అడగడం...

నేనప్పుడు పదో తరగతి. మా వాడలో పదిదాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఇక నా నోటికి అడ్డేముంది! ఆ ఏడాది మార్కండేయుడి కథ స్టేజీ మీద నన్నే చెప్పమన్నారు. నా గొంతు ఆ గొట్టంలోంచి గరగరా రావడమా... ఛీ, నాకు నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే మా పెద్దబాపు కొడుకు సత్యం అన్న హైదరాబాదు నుంచి వచ్చాడు. పాలిటెక్నిక్ చదివేవాడు. కాలేజీలో అడిగి ముల్లు డబ్బా ఒకటి తెచ్చాడు. మైకు సెట్టులోకి 'కూ' అని ఒకటే స్వరం పంపితే, బయటికొచ్చేసరికి అది ఎంత చెడిందో ఆ ముల్లు చూపిస్తుందట. ఇంకేం... నేను వెంటపడ్డాను. పెద్దమనుషులు కూర్చున్న వేళ చూసి, కాక సెట్టును అందరి ముందూ పరీక్ష పెట్టించాను.

ముల్లు లేచి ఎక్కడికో పోయి నిలబడింది.

"నూటికి పదహారు వంతులు ఖరాబు," అన్నాడు అన్న.

అన్న అంతటితో ఊరుకున్నాడు. ఊరుకోనిది నేను. "కాకా, నీ మైకు గొంతు గిట్లనే ఉంటదా? దానికి జర మిరియాల కషాయం పొయ్యరాదు!" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. కాక కూడా నవ్వాడు... నవ్వుతూనే తీగలు చుట్టుకున్నాడు.

"మిషనే చెప్పినంక నేనేమంట బిడ్డా. కరీంనగర్ నుంచి మంచిది తెప్పియ్యిండ్రి," అన్నాడు.

తెప్పించారు. జయంతి రోజు నేను స్టేజీ ఎక్కి నోరు విప్పితే... అబ్బ! నా గొంతు ఎంత నున్నగా వచ్చిందో. నాకు నేనే మురిసిపోయాను.

నాలుగు మాటలు చెప్పానో లేదో, ముందు వరసలో మాటలు మొదలయ్యాయి. సాంచెలు నేసే పెద్దవాళ్లంతా అక్కడే కూర్చున్నారు. "ఏమంటుంది పోరి?" "ఏమో, సమజైతలే." కరీంనగర్ మనిషి ఇంకాస్త పెంచాడు. అయినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేవాళ్లే... ఒకాయన వెనక్కి తిరిగి గట్టిగానే అన్నాడు, "మల్లన్నా, నీది తెచ్చి పెట్టరాదే! గిది ఒక్క ముక్క వినొస్తలే!"

కాక జనం వెనకాల, చెప్పులు విడిచిన చోట కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చాడు. సెట్టు కోసం కాదు. ముందు వరసలో వాళ్ల చెవుల దగ్గర వంగి, గట్టిగా, "ఊకోండ్రి. పిల్ల మాట్లాడంగ నడుమ ఆపుతరా? బెదురుతది. వినకున్నా మంచిది, కూసోండ్రి," అని ఒక్కొక్కరి భుజం తట్టి కూర్చోబెట్టాడు. నేను ముగించగానే మొదట చప్పట్లు కొట్టిందీ ఆయనే. ఆయన్ను చూసి మిగతావాళ్లు కొట్టారు.

ఇంటికొచ్చాక బాపు నా తల నిమిరి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా," అన్నాడు.

"ఏం చెప్పిన బాపు?"

బాపు నా పెదాల వంకే చూసి మెల్లగా నవ్వాడు. "సాంచెల కాడ చెవులు ఎన్నడో పొయినయ్ బిడ్డా, మా అందరియి. మల్లిగాడు మమ్ముల నిలవెట్టి, వినొస్తుందా వినొస్తుందా అని అడుక్కుంట ఆ గొట్టం సరిజేసిండు. అది గరగర అంటెనే మాకు మాట దొరుకుతది. ఇయ్యాల నీ మూతి కదులుడు సూసిన... సాలు."

భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ముల్లు అబద్ధం చెప్పలేదు, ఆ శబ్దం చెడిన మాట నిజమే. కానీ వినేవాళ్లెవరు, వాళ్ల చెవులెట్లాంటివి... ఇది అడగాలన్న బుద్ధి పది చదివిన నాకు పుట్టలేదు. సొంత బాపుకు వినపడదన్న సంగతే నాకు తెలియదు!

మరుసటి ఏడు పెద్దమనుషులు కాక ఇంటికి వెళ్లి బతిమాలారు. నేనూ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. వాల్వులు ఎవరికో ఇచ్చేశానన్నాడు. నన్ను చూసి, "మంచిగ సదువుతున్నవా బిడ్డా?" అని అడిగాడు. తప్పయింది కాకా... రెండు ముక్కలు. నోటిదాకా వచ్చాయి. ఊళ్లో నా అంత నోరు ఇంకెవరికీ లేదనేవాళ్లు, ఆ రోజు మాత్రం తలూపి వచ్చేశాను. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లే బతికాడు. నాకే మొహం చెల్లలేదు.

ఇప్పుడు అన్నీ నున్నగా పలికే పెట్టెలే... అట్ట మీద అంకె చూసి కొంటున్నాం. విన్నారా లేదా అని ఎదుటి మనిషిని అడిగి సరిచేసేవాళ్లు మాత్రం కనబడటం లేదు.

మీరూ ఎవరికైనా ఇట్లాంటి రెండు ముక్కలు బాకీ ఉన్నారా? ఉంటే ఇక్కడ రాయకండి... ఆ మనిషి ఉన్నారేమో చూసి, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి రండి. నేను ఇక్కడ రాస్తున్నది, వెళ్లడానికి ఆయన ఇల్లు లేక.