విజయనగరం మ్యూజియంలో అమ్మ వీణ

ఈ ప్రయాణానికి ముహూర్తం పెట్టింది ఒక ఫోన్ ఫోటో. నా పాత శిష్యురాలు సుజాత పిల్లల్ని తీసుకుని విజయనగరంలో మ్యూజియం చూడడానికి వెళ్ళి, "టీచర్, మీ వీణ!" అని సంబరంగా పంపింది. రెండేళ్ళ కిందట నేనే ఆ మ్యూజియానికి ఇచ్చిన మా అమ్మ వీణ అది. బొబ్బిలి వైపు చేసిన ఏకాండి వీణ, అంటే ఒకే పనస మొద్దులోంచి తొలిచింది. ముప్ఫై ఏళ్ళు శ్రీకాకుళంలో బడిపిల్లలకు సంగీతం చెప్పి రిటైరయ్యేసరికి నా వేళ్ళ కీళ్ళు మొరాయించాయి. ఇంట్లో ఇంకెవరికీ వీణ రాదు. మూలన పడి ఉండేకంటే నలుగురూ చూస్తారు కదా అని సంతకం పెట్టి ఇచ్చేసి వచ్చాను. ఫోటో చూసి ముందు మురిసిపోయాను. తరవాత కళ్ళజోడు పెట్టుకుని, పెద్దది చేసి చూస్తే మెట్లు వంకరగా కనిపించాయి. పాలపళ్ళు కదిలిన పిల్లవాడి నోట్లోలా ఒకటి అటూ, ఒకటి ఇటూ.

వీణ సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. వీణ మీద ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు ఉంటాయి. వాటిని మేకులతో కొట్టరు, నల్లటి మైనంలో కూర్చోబెడతారు. మా ఇంట్లో ఆ పనిని మేళం కట్టడం అనేవారు. మైనానికి వేడి తగిలితే మెట్టు కదులుతుంది. మెట్టు కదిలితే స్వరం పోతుంది. మా అమ్మ ఎండాకాలంలో వీణను కిటికీ పక్కన కూడా పెట్టనిచ్చేది కాదు. అలాంటిది మ్యూజియం గదిలో నీడపట్టున ఉన్న వీణకు ఎండ ఎక్కడిది? ఆ రాత్రి నిద్ర పట్టలేదని దాచకుండా చెబుతున్నాను. ఇంకొన్నాళ్ళు పోతే మెట్లు ఊడి పడతాయి, కర్ర కూడా పగలొచ్చు. ఇచ్చిన వస్తువు మీద నాకు హక్కు ఉందో లేదో తెలియదు గానీ బెంగ మాత్రం ఉంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. శ్రీకాకుళం టౌను నుంచి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఊళ్ళో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఆటోకైనా బస్సుకైనా అరగంట చేతిలో పెట్టుకోవాలి. విశాఖ వైపు వెళ్ళే పొద్దుటి పాసింజరు ఎక్కితే టికెట్టు ముప్ఫై రూపాయలు దాటదు, గంటంపావులో విజయనగరంలో దిగొచ్చు. కుడి చేతి వైపు కిటికీ దొరికితే వదలకండి. పొందూరు, చీపురుపల్లి దాటాక దూరంగా కొండల వరస మనతో పాటే వస్తుంది. నా బ్యాగులో నీళ్ళ సీసా, రెండు అరటిపళ్ళు, మ్యూజియంవాళ్ళు ఇచ్చిన రసీదు, వీటితో పాటు వీణకు తొడిగే పాత గలీబు ఉన్నాయి. అమ్మ తన వంగపండు రంగు పట్టుచీర కత్తిరించి, లోపల మెత్తటి పంచె ముక్క వేసి కుట్టిన గలీబు. వీణ ఇచ్చాను గానీ దీన్ని ఇవ్వలేదు, బీరువాలో దాచుకున్నాను. ఆ రోజు బ్యాగులో ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

స్టేషను బయట ఆటో అతను కోట దగ్గరికి ఎనభై అడిగాడు, అరవైకి దిగాడు. "మూజియమా? అక్కడేటుంటాదమ్మా సూడడానికి? పాత సామాన్లే గదా!" అన్నాడు బండి స్టార్టు చేస్తూ. "మా మావ అటక మీద అంతకంటే పాతయి ఉన్నాయి." అయితే మీ మావయ్యని ఇవ్వమనండి, మ్యూజియంవాళ్ళు తీసుకుంటారు అన్నాను. "ఆడా? ఇవ్వడమ్మా. అటక దులపడానికే నిచ్చెన ఇవ్వడు" అన్నాడు. గంటస్తంభం దాకా నవ్వుతూనే ఉన్నాను. దారిలో ఆపించి రెండు ఇడ్లీ తిన్నాను. కంగారులో ఉన్నప్పుడు ఖాళీ కడుపుతో ఎవరితోనూ మాట్లాడకూడదన్నది టీచరుగా నేను నేర్చుకున్న పాఠం.

మ్యూజియం పాత మేడలో ఉంది. పదింటికి తెరుస్తారు, టికెట్టు పది రూపాయలు. కింది అంతస్తులో పల్లె వస్తువులు, పైన సంగీతం గది. వీణ కోసం వచ్చినదాన్ని నేరుగా పైకి వెళ్ళక, మెట్ల దగ్గర ఆగి కింది గది చూస్తూ ఉండిపోయాను. భయం వేస్తే పని వాయిదా వేయడం మనిషి గుణం. చూసింది మాత్రం వృథా పోలేదు. పొందూరు నూలు వడికేవాళ్ళ రాట్నం, దాని పక్కనే పత్తి దువ్వడానికి వాడే వాలుగ చేప దవడ ఉన్నాయి. దవడకున్న పళ్ళు ఎంత సన్నగా ఉన్నాయో చూస్తే పొందూరు ఖద్దరుకు అంత పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు గుండెకు కట్టుకునే గుండ్రటి రేకు వాయిద్యాలు, కాళ్ళ గజ్జెలు గోడకు వరసగా ఉన్నాయి. గజ్జెల తోలు పట్టీ మీద చెమట మరకలు ఇంకా పోలేదు. కడగకుండా ఉంచినవాళ్ళు తెలివైనవాళ్ళు అనుకున్నాను. ఆ ధైర్యంతో పైకెక్కాను.

గది చివర అద్దాల పెట్టెలో వీణ ఉంది. పెట్టె లోపల, సరిగ్గా మెట్లున్న వీణ దండి మీదికి, పసుపు పచ్చటి బల్బు వెలుగుతోంది. అద్దం మీద చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టె తీసేసిన బట్టలా వెచ్చగా ఉంది. పై స్థాయి మెట్లు ఆరో ఏడో పక్కకు ఒరిగాయి. మైనం ఒక అంచున చెమర్చినట్టు మెరుస్తోంది.

"అమ్మా, అద్దం ముట్టుకోకండి. ఏలిముద్రలు పడతాయి, మళ్ళీ నేనే తుడవాల" అంటూ వాచ్‌మన్ వచ్చాడు. పేరు పైడిరాజు, యాభై దాటి ఉంటాయి. ఈ లైటు ఎవరు పెట్టారని అడిగాను. అతని ముఖం వికసించింది. "నేనేనమ్మా! ముందు తెల్లదుండీది. ఆసుపత్రి లైటులాగుండీది. సరస్వతమ్మ ముందు అలాటి ఎలుగేటని, మా ఇంట్లో పూజగది బలుబు తెచ్చి పెట్టీసినాను. రాత్రీ పగలూ ఎలుగుతాది. మాడిపోతే ఇన్‌ఛార్జి మేడమ్ దగ్గర పెట్టె తాళం అడిగి ఆ రోజే మార్సీస్తాను. సెలవు దినం కూడా వచ్చి సూసెల్తాను."

నాకు కోపం నషాళానికి అంటింది. ఆ వీణ మా అమ్మది, మీరు చేసిన పనికి మెట్లన్నీ జారిపోతున్నాయి, మైనం కరిగిపోతోంది, కళ్ళు కనిపించడం లేదా అని క్లాసులో అల్లరి పిల్లల్ని కేకలేసినట్టు వేశాను. అతను దగ్గరికి జరిగాడు. అద్దంలోకి వంగి చూశాడు, చాలాసేపు చూశాడు. "ఓలమ్మ! నానేటి సేసినాను తల్లీ! మేడమ్ వద్దన్నారని పూలు కూడా ఎట్టలేదు. దీపమొకటే గదా ఎట్టినాను" అన్నాడు. అప్పుడు నాకు సిగ్గేసింది. కన్న కూతురినై నేను రెండేళ్ళలో ఒక్కసారి తొంగి చూడలేదు. ఈ మనిషి సెలవు రోజు కూడా వచ్చి దీపం చూసుకుని వెళ్ళాడు.

సరే, ముందు ఆ లైటు ఆర్పేయండి అన్నాను మెల్లగా. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎలిగించిన దీపం నా సేత్తో ఆర్పమంటారేటమ్మా? అమ్మవారిని సీకట్లో ఎట్టమంటారేటి?" స్విచ్చు తాళం వేసిన గదిలో ఉంది, తాళంచెవి అతని మొలలో ఉంది. ఇన్‌ఛార్జి మేడమ్ మీటింగుకు వెళ్ళారు, మూడింటికి గాని రారు. మూడింటి దాకా ఆ మైనం ఆగేలా లేదు.

వేడికి మైనం కరుగుతుందని నాలుగు రకాలుగా చెప్పాను. అతను తల ఊపాడు గానీ చెయ్యి తాళంచెవి మీదికి పోలేదు. అప్పుడు బ్యాగులోంచి గలీబు తీశాను. "పైడిరాజుగారూ, మా ఇంట్లో దసరాకు మూలా నక్షత్రం నాడు వీణకు పూజ చేస్తాం. పూజ అయ్యాక ఏం చేస్తామో తెలుసా? ఇదిగో, ఈ ముసుగు తొడిగేస్తాం. విజయదశమి దాకా ఎవరూ ముట్టుకోరు, మోగించరు. మామూలు రోజుల్లో కూడా వాయించడం అవగానే అమ్మ ఇది కప్పేది. వీణకు చీకటి కొత్త కాదు. రెండేళ్ళుగా దానికి నిద్ర లేదు, అంతే" అన్నాను.

అతను గలీబు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. "అయితే పడుకోడానికి దీనికీ ఒక ఏల ఉంటాదన్నమాట" అన్నాడు. మా ఊరి గుళ్ళో స్వామికి పవళింపు సేవ చేసినట్టే అన్నాను. అతను మొలలోంచి తాళంచెవి తీసుకుని వెళ్ళాడు. బల్బు ఆరింది. ఆరగానే అతను చెంపలు వేసుకున్నాడు. నాకూ చేతులు జోడించాలనిపించింది, జోడించాను.

మధ్యాహ్నం మ్యూజియం పక్క సందులో భోజనానికి వెళ్ళాను. నూట ఇరవైకి ముద్దపప్పు, వంకాయ కూర, మజ్జిగ పులుసు పెట్టారు. ఒంటిగంటకు వెళ్తే ఖాళీ ఉండదు, పన్నెండున్నరకే వెళ్ళండి. అక్కడి నుంచే బొబ్బిలి వైపు నాకు తెలిసిన, వీణలు చేసే ఆచారిగారికి ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న. "కర్ర పగిలిందేటమ్మా?" పగల్లేదన్నాను. "అయితే భయం నేదు. మైనం మళ్ళీ కట్టుకోవచ్చు. పనస కర్ర పగిల్తే మాత్రం నా తాతొచ్చినా అతకలేడు. ముందు తీగలు వదులు సెయ్యండి" అన్నారు. రెండో ముద్ద నుంచి అన్నం రుచి తెలిసింది.

మూడింటికి ఇన్‌ఛార్జి మేడమ్ వచ్చారు. చిన్న వయసు అమ్మాయి, శాంతంగా విన్నారు. రసీదు చూసి, ఫైలు తీయించి, "ఇచ్చినప్పుడు దీన్ని ఎలా చూసుకోవాలో మీరు మాకేమైనా రాసిచ్చారా అండీ?" అని అడిగారు. లేదు. తెలిసినదాన్ని నేనే చెప్పకుండా వచ్చేసి, తెలియనివాళ్ళ మీద అరిచాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే. ఆ మాట ఆమెతోనూ పైడిరాజుతోనూ పైకే అన్నాను. ఆమె పెట్టె తెరిపించారు. వెచ్చటి మైనం వాసన గుప్పుమంది. మా వంటింటి పక్క గది, అమ్మ, తలుపు సందులోంచి వినే నేను, అన్నీ ఆ వాసనతో వచ్చేశాయి. ఏడ్చాను. ఇద్దరూ చూడనట్టు ఉన్నారు.

బిరడాలు తిప్పి తీగలు వదులు చేసే ముందు ఒక్కసారి సారణి తీగ మీటాను. వంకర మెట్టు మీద వేలు పెట్టి మీటితే పరమ అపస్వరం పలికింది. నా విద్యార్థి ఎవరైనా అలా వాయిస్తే వేలి మీద కొట్టేదాన్ని. పైడిరాజు మాత్రం రెండు చేతులూ తల మీద పెట్టేసుకున్నాడు. "పలికినాది! రెండేళ్ళు తుడిసినాను, ఒక్కసారి కూడా ఇనలేదు." అది తప్పు స్వరమని నేను చెప్పలేదు. పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక నేను తప్పు దిద్దకుండా వదిలేసింది అదొక్కటే.

ఇన్‌ఛార్జి మేడమ్ మూడు మాటల్లో తేల్చేశారు. బల్బు తీసేసి పెట్టె బయట, దూరంగా తెల్ల లైటు పెట్టించడం, మెట్లు కట్టడానికి ఆచారిగారిని పిలిపించడం, పెట్టె తాళంచెవి ఒకటి పైడిరాజు దగ్గర ఉంచడం. ఆ మూడోది రోజూ మూసే ముందు గలీబు తొడగడం కోసం. ఐదింటికి మూసే ముందు ఎలా తొడగాలో అతనికి చూపించాను. దండి చివర సింహంలా ఉండే యాళి ముఖం వైపు నుంచి మొదలుపెట్టి, దండి మీదుగా లాగి, కుండ దగ్గర ముడి వేయాలి. మొదటిసారి తలకిందులుగా తొడిగాడు. రెండోసారి నాకంటే బాగా తొడిగాడు. గలీబు అక్కడే వదిలేసి, నా ఫోను నంబరు అతనికి ఇచ్చి, ఖాళీ బ్యాగుతో ఆరున్నర రైలెక్కాను.

వస్తువును మ్యూజియానికి ఇవ్వడమంటే పని తీరిపోవడం అనుకున్నాను. కాదు. దాన్ని చూసుకోవడం ఎలాగో కూడా కలిపి ఇస్తేనే ఇచ్చినట్టు. మీ అటక మీద ఉన్నవాటిని ఇచ్చేటప్పుడు, అవి దేనికి జడుస్తాయో, ఎప్పుడు నిద్రపోతాయో ఒక కాగితం మీద రాసి జతచేయండి. పది రోజులకు ఆచారిగారు వచ్చి మేళం కట్టి వెళ్ళారని కబురు వచ్చింది. అంతకంటే ముందే, నేను రైల్లో ఉండగానే, చీపురుపల్లి దగ్గర నా ఫోను మోగింది. "అమ్మా, పైడిరాజుని. ముడి వదులైందేమోనని మళ్ళీ ఎనక్కెళ్ళి సూసొచ్చినాను. బాగా పడుకున్నాది. మీరూ ఎళ్ళి పడుకోండి."

వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో ఏ వేళకు వెళ్ళినా ఐదింటికి పావుగంట ముందు పై గదిలో ఉండండి. ఫోను లైటు ఆర్పేసి, చప్పుడు చేయకుండా నిలబడండి. ఒక పెద్దాయన చేతులు కడుక్కుని వస్తాడు.