బాపును దాటిపోయిన పళ్లెం

మొన్న ఆదివారం ఖానాపూర్‌లో ప్రార్థనకు పోతుంటే పక్క వాడలో పోచమ్మకు బోనాలు ఎత్తారు. మైసాక్షి ధూపం పొగ, వేపాకు, పసుపు నీళ్లు తాగిన మట్టి కలిసిన ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి.

మా ఊళ్లో పోచమ్మకు యాటను, అంటే బలి మేకను, కోసే వంతు మా ఇంటిది, ఇంకో ఇంటి చెయ్యి పడకూడదు. శ్రావణంలో బాపు కత్తి నూరుతుంటే పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. పసుపు నీళ్లు చల్లగానే యాట ఒళ్లు విదిలించేది, బలికి ఒప్పుకుందని డప్పులు మోగేవి. కోసినందుకు తలకాయ మాది. మేం అవ్వ అని పిలిచే అమ్మ దాన్ని కట్టెల మంట మీద కాల్చి, ఎండుకొబ్బరి నూరి వండితే జొన్న గట్కతో తిని, రెండు రోజులు వేళ్లు వాసన చూసుకునేవాళ్లం.

తరువాత మా ఇల్లు క్రీస్తు సంఘంలో చేరింది. నెలకో ఆదివారం పెంకుల గుడిలో ప్రభువు బల్ల, ఆయన ఒళ్లూ రక్తమూ అని రొట్టె, రసం పంచేవాళ్లు. దానికి బస్సులో డబల్‌రొట్టె వచ్చేది. కిస్మిస్ నానబెట్టి ఉడికించిన రసం తియ్యటి వాసన గుడంతా నిండేది, ప్రార్థన అయ్యాక రొట్టె అంచులు పిల్లలకు పంచేవాళ్లు. పూర్వం యూదుల గుడి పూజారి, యాజకుడు, ఏటేటా మేకల రక్తం పట్టుకుని, ముందు తన పాపానికి, ఆ తరువాత జనం పాపానికి తెర వెనక గర్భగుడిలోకి పోయేవాడని, చివరికి యాజకుడూ బలీ తానే అయి ఒకడు వచ్చాడని, ఇక ఏ బలీ అక్కరలేదని పాస్టరు అయ్యగారు చెప్తే బాపు నోరు తెరుచుకుని వినేవాడు.

"నీళ్లు సల్లి వణికిచ్చి, ఒప్పుకున్నదంటం మనం. ఆయనొక్కడే నిజంగ ఒప్పుకున్నడు" అని కత్తిని అటక మీద పడేశాడు.

బలి ఆగిన రెండేళ్లకు వాడలో పిల్లలకు తట్టు పోసింది, పోచమ్మ కోపమన్నారు. పొరుగింటి లచ్చవ్వ జ్వరంతో కాలుతున్న కొడుకును తెచ్చి మా గడపలో పడుకోబెట్టింది.

"నీ దేవుడు నీకుండనీ ఎల్లన్నా. మా పోరలు సస్తే ఎవలు జవాబ్ చెప్తరు?"

బాపు పోయి కోశాడు. తలకాయ ముట్టలేదు. ఇంటికొచ్చి బూడిదతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు.

ఆ నెల రొట్టె పళ్లెం బాపు చాచిన చేతిని దాటి పక్కవాళ్లకు పోయింది.

"సైతాన్ కోసం కోసిన్నని మోకాళ్లేసి అందరి ముందట ఒప్పుకో" అన్నాడు అయ్యగారు.

"పోరల కోసం కోసిన్నయ్యా. అబద్ధమాడి రొట్టె తినుమంటరా?"

"అయితే గట్లనే కూసో."

బాపు అట్లాగే కూర్చున్నాడు, బతికినన్నాళ్లూ, చివరి వరుసలో. ఒకసారి నాకు దొరికిన అంచుముక్క దాచి తెచ్చి ఇచ్చాను. "గిది గది కాదు బిడ్డా, నువ్వు తిను" అన్నాడు. పోయే ముందు వారం కూడా, ఈ నెల బల్ల ఎప్పుడని అవ్వను అడిగాడు.

యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. వేలు పెట్టి కూడబలుక్కుంటూ బైబిలు వాక్యం చదివితే, క్రీస్తు బలి తరువాత ఎవరి అడ్డూ లేకుండా ధైర్యంగా దగ్గరికి రావచ్చని అందులోనే రాసి ఉంది! మా వరుసలో ఒక్కరికి చదువు వచ్చినా ఆనాడే లేచి అడిగేవాళ్లం కదా. అయ్యగారు అదే పేజీ మాకు చదివి, పళ్లెం పట్టుకుని యాజకుడు తానే అయ్యాడు.

ఇప్పుడు పెంకుల గుడి లేదు, స్లాబు వేశారు. ఊళ్లో యాట కోయడానికి పట్నం నుంచి కూలికి మనిషి వస్తున్నాడు. రొట్టె ఎవరినీ ఏమీ అడగకుండా అందరి చేతుల్లోకీ వస్తుంది. అది చూస్తే నాకు సంతోషం రాదు, కోపమొస్తుంది.

మొన్నటి వాసన నన్ను ఊరుకోనివ్వలేదు. శ్రీరాంపూర్‌లో కొడుకు దగ్గరుంటున్న ముసలి అయ్యగారి దగ్గరికి పోయి, ఆ పేజీ ఆయన ముందే చదివాను.

"ఎంత మంచిగ సదువుతున్నవు బిడ్డా" అని మురిసిపోయాడు.

"మరి మా బాపు ఎల్లయ్యను ఎందుకు ఆపిండ్రయ్యగారూ?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఏ ఎల్లయ్య బిడ్డా? గప్పుడు శానమందిని ఆపిన."