అప్పలరాజు సంతకం

ఆ రోజుల్లో అంటే మరీ పాతరోజులనుకోకండి. నా జేబులో ఫోను ఉండేది, అమ్మ తప్ప ఫోను చేసేవాళ్లే ఉండేవారు కాదు. ఎలమంచిలి పక్క పల్లె నుంచి వచ్చి విశాఖలో ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో చేరాను. మొదటిరోజు క్లాసులో లేచి, నేను అనబోయి ఊరి అలవాటున "నాను..." అన్నానో లేదో, వెనకబెంచీలు ఘొల్లుమన్నాయి. (వాళ్లలో సగంమంది ఇంట్లో నాను అనే అంటారని తర్వాత తెలిసింది.) ఆ పూట మూసిన నోరు మూడు నెలలు తెరవలేదు. ద్వారకానగర్‌లో మేడమీద గది, తగరపువలస వైపు కాలేజీ, మధ్యలో బస్సు. రోజు మొత్తమ్మీద నేను మాట్లాడేది కండక్టరుతో ఒక మాట, అమ్మతో ఫోనులో నాలుగు మాటలు.

అలాగే గడిచిపోయేది గానీ, డ్రాయింగు మాస్టారొక నియమం పెట్టారు. కంప్యూటరు మీద గీసి ప్రింటు తీసిన ప్రతి షీటునీ తోటి విద్యార్థి ఎవరైనా సరిచూసి, అడుగున 'చెక్డ్ బై' అన్న గడిలో సంతకం పెట్టాలి. గీతలు గీయడం నాకొచ్చనే అనుకున్నాను. పక్కవాణ్ణి పిలిచి "ఒకసారి చూస్తావా" అనడమే రాదు. మొదటి షీటు పట్టుకుని ల్యాబులో అరగంట నిలబడ్డాను. ఎవరూ తలెత్తలేదు. చివరికి ఎడంచేత్తో వంకరగా 'పి. అప్పలరాజు' అని గిలికేశాను. ఆ పేరుగలవాడు మా క్లాసులో లేడు. అయినా ఐదు షీట్లయ్యేసరికి వాడి మీద నాకు అభిమానం పుట్టింది. "స్నేయితులు దొరికారేట్రా?" అని అమ్మ అడిగితే "అప్పలరాజని ఒకడున్నాడమ్మా, మంచోడు" అనేశాను. అమ్మ వాడికి విడిగా ఒక పొట్లం జంతికలు పంపింది. (అవీ నేనే తిన్నాను. రుచిగానే ఉన్నాయి.)

ఆరో షీటు దగ్గర మాస్టారు రిజిస్టరు తిరగేసి, ఆ పేరు కనబడక, "ఎవరయ్యా ఈ అప్పలరాజు? అందరిలోకీ చెత్త షీటుని తప్పుల్లేవని సంతకం పెడుతున్నాడు. లేవమను. లేకపోతే ఆరు షీట్లకీ సున్నా!" అన్నారు. నేను బెంచీమీదికి తల వంచేశాను. సున్నాకి భయపడి కాదు, నాకు అడగడానికి ఒక్కడూ లేడని అందరికీ తెలిసిపోతుందే అని.

అప్పుడు మూడో బెంచీలోంచి రంపం లేచాడు. (వాళ్ల నాన్నకి పాతటౌనులో బీరువాలూ మంచాలూ చేసే కొట్టుంది, అందుకా పేరు. రోజూ నమాజు చేసే సాయిబుల ఇంటి కుర్రాడని క్లాసందరికీ తెలుసు.)

"నానే సార్. ఇంట్లో ముద్దుగా అప్పలరాజంటారు."

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "అలాగా అప్పలరాజు గారూ! అయితే రండి, ఇప్పుడు సరిచూడండి."

రంపం వచ్చి, మొహమాటం లేకుండా ఎర్రపెన్నుతో ఏడు సున్నాలు చుట్టాడు. "ఈ కన్నం ముందు బొమ్మలో కనబడతంది, పక్క బొమ్మలో సూత్తే గీతే లేదు. బోల్టు ఎలాగెల్తాది సార్?"

మాస్టారు నవ్వాపుకుని, "ఆరూ మళ్లీ గియ్యి. వీడు సంతకం పెడితేనే తీసుకుంటాను, సొంతపేరుతో" అన్నారు.

సాయంత్రం రంపమూ నేనూ ఒకే బస్సెక్కాం. "ఏటి బావా, నన్నడిగితే సూడనా?" అన్నాడు. అంతే, మూడు నెలల మాటలు గట్టు తెంచుకున్నాయి. మా ఊరు, మా గేదె, మెస్సులో సాంబారు, అన్నీ చెప్పాను. వాడు ఊఁ కొడుతున్నాడు. ద్వారకానగర్ వచ్చింది. చూశాను. దిగలేదు. పాతటౌనుదాకా వెళ్లి, వాడు దిగి సందు తిరిగాక, ఇంకో బస్సెక్కి ఒక్కణ్ణే వెనక్కొచ్చాను.

ఇప్పుడు డిజైను ఆఫీసులో పదిమంది మధ్య కూర్చుని పొద్దస్తమానం మౌనంగా గీతలు గీస్తుంటాను. ఎవరైనా పలకరిస్తే పొడిగా జవాబిస్తాను. ఒక్కడు ఊఁ కొట్టినందుకు ఊరి ఆ కొసదాకా వెళ్లొచ్చిన ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. వాడిమీద కాస్త అసూయ కూడా.