మామ్మ చూసిన చేతులు

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. ఏడాది బైబిలు శిక్షణ ముగించుకుని, సర్టిఫికెట్టు చుట్టుకుని ఇంటికి వచ్చాను. లోకంలో సరిగ్గా జరగని పనులన్నీ ప్రార్థనాపూర్వకమైన ప్రణాళిక లేకనే చెడిపోతున్నాయని గట్టిగా నమ్మేదాన్ని. (ఇప్పుడూ నమ్ముతాను, కాకపోతే గొంతు తగ్గించి.) ఆ వేసవిలో పాతపట్నం దగ్గరున్న మా ఊళ్ళో, ప్రార్థన మందిరం పక్క జీడితోటలో, మా తాతగారి సంతానమంతా కూడుకోవాలని పెద్దలు నిర్ణయించారు. పిల్లా పీచూ కలిపి నూటముప్పై మందికి పైగానే తేలారు. అందరూ ఎక్కడ పడుకోవాలి, ఏ పాట పాడాలి అని తర్జనభర్జన పడుతుంటే నేను లేచి నిలబడి, ఎవరూ అడక్కుండానే ఒక ప్రకటన చేశాను. "ఈసారి మామ్మ పొయ్యి దగ్గరకు రాదు. కుర్చీలో కూర్చుంటుంది, మొదటి పంక్తిలో తింటుంది. పనివాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

ఆ ప్రకటన వెనక కారణం ఉంది. మా నాన్నగారి తల్లి, మామ్మ, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రతి కూడికకూ తనే వండేది, తనే వడ్డించేది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన ముక్కలేని పులుసులో ఇంత అన్నం కలుపుకుని, నిలబడే తినేది. ఆ ఏడు మోకాలికి ఆపరేషన్ అయింది. మూడు నెలలు నిలబడకూడదని డాక్టరు చెప్పాడు. మామ్మ దాన్ని సలహా కింద తీసుకుంది, ఆజ్ఞ కింద కాదు. నా మాట విని, "సూద్దుం. పొద్దున్న పది గంటలకి ఎసరు పడకపోతే నానే లెగుస్తాను" అంది. మా బాబాయి అయితే, "అమ్మా పంతులమ్మా, నువ్వు పెట్టే బోజనానికి మేం ముందునుంచే ఉపాసం ఉండాల?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, పుస్తకంలో రాసుకున్నాను.

ముందు వాట్సాప్ గుంపులో అడిగాను. "పరిచర్యకు ఎవరు ముందుకొస్తారు?" అంటే నలభై మంది దండం బొమ్మలు పెట్టారు, పదకొండు మంది 'ఆమెన్' అన్నారు, బొబ్బిలి బ్యాంకులో పనిచేసే మా బావ 'దేవునికి స్తోత్రం' అన్నాడు. ఒక్క పేరూ రాలేదు. సరే, ఎదురుగా అడిగితే కాదనలేరని, కూడికకు ముందు రోజు సాయంత్రం ప్రార్థనలో లేచాను. మా సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా మనసులో తీర్మానం చేసుకునే వేళ దైవజనుడు, అంటే పాస్టరు, అందరినీ తలలు వంచి కళ్ళు మూసుకోమంటాడు. ఎవరూ ఎవరినీ చూడకూడదు. తీర్మానించుకున్నవాళ్ళు నెమ్మదిగా చెయ్యెత్తుతారు. ఎంతో గంభీరంగా ఉంటుంది. నేనూ అదే గంభీరతతో, కుడిచేయి చేసే మేలు ఎడమచేతికి తెలియకూడదని పావుగంట బోధించి, "రేపు వంటలో, నీళ్ళలో, వడ్డనలో సహాయపడేవాళ్ళు కళ్ళు మూసుకుని చేతులెత్తండి" అన్నాను. అందరూ మూసుకున్నారు. (మామ్మకు చెప్పక్కర్లేకపోయింది, ఆవిడ అప్పటికే మూసుకునుంది.) చీరలు కదిలిన చప్పుడు, గాజుల గలగల విన్నాను. గుండె నిండిపోయింది. కన్నీళ్ళతో వందనాలు చెల్లించి ఆమెన్ అన్నాను.

ఇంతకీ శిక్షణలో నేను గమనించనిది ఒకటుంది. అలా పిలిచే దైవజనుడు తను మాత్రం కళ్ళు తెరిచే ఉంచుతాడు. నేను కూడా మూసేసుకున్నాను.

తెల్లారింది. ఆరింటికి తోటలో ఈల ఊదాను. (ఈల నా సొంత ఖర్చు.) రెండు కుక్కలు వచ్చాయి. ఎనిమిదికి మాంసం వచ్చింది, ఉల్లిపాయల బస్తా వచ్చింది, మనుషులు మాత్రం నీడ చూసుకుని చాపలేసుకున్నారు. పెద్దత్త, అంటే నాన్నగారి అక్క, ఒక్కర్తీ పొయ్యి రాళ్ళు సర్దుతూ, "సేతులెత్తినోలు ఏరే?" అంది. నేను బాబాయి దగ్గరకు పరుగెత్తాను.

"బాబాయ్, నిన్న నువ్వు చెయ్యెత్తావా?"

"ఎత్తినానో నేదో పెబువుకి తెలుసు," అన్నాడు చాప మీద పక్కకు తిరిగి. "నా ఎడంసేతికే సెప్పకూడదన్నావు, నీకెలగ సెప్తాను?"

బ్యాంకు బావ మరీ వినయంగా, "రహస్య పరిచర్య కదా మరదలా, బయటపెడితే బహుమానం పోతాది" అన్నాడు. అలా నా వాక్యంతోనే నన్ను ప్రతి చాప దగ్గరా పడగొట్టారు. ఎత్తినవాళ్ళు, మిగతావాళ్ళు లేవలేదు కదా అని లేవలేదు. ఎత్తనివాళ్ళు, ఎత్తినవాళ్ళు చేస్తారులే అని లేవలేదు. పదికి ఐదు నిమిషాలుంది. వెనక్కి చూస్తే మామ్మ చేతికర్ర పట్టుకుని కుర్చీలోంచి ముందుకు వంగుతోంది.

"మామ్మా, లేవకు!" అన్నాను. అంటుంటేనే ఏడుపొచ్చింది. పైన ఎన్ని వాక్యాలు చెప్పినా, లోపల నాకున్న కోరిక అదొక్కటే, ఆవిడ ఒక్క పూట కూర్చుని తినాలని.

మామ్మ నా ముఖం వైపు చూసింది. మళ్ళీ కుర్చీలో వెనక్కి జారబడి, కర్రతో నేల మీద కొట్టింది.

"ఒరే సిన్నోడా! లెగు. నిన్న నువ్వు సెయ్యెత్తినావు. నాను సూసినాను."

బాబాయి లేచి కూర్చున్నాడు. "నానా?"

"నువ్వే. ముందు సగవెత్తినావు, ఎవులన్నా సూస్తన్నారేమోనని ఆగినావు, మల్లీ ఎత్తినావు. నీలకి నువ్వెల్లు. ఏటి బ్యాంకు బాబూ, నవ్వుతన్నావు? వాచీ ఉన్న సెయ్యి నీదే కాదేటి? మాంసం కాడికెల్లు."

పిల్లలంతా చుట్టూ చేరిపోయారు. బాబాయి లుంగీ పైకి కట్టి బిందె అందుకున్నాడు. బావ వాచీ తీసి జేబులో పెట్టుకున్నాడు. మామ్మ ఇంకో నలుగురిని పిలిచేసరికి, మిగతావాళ్ళు పేరు రాకముందే చాపలు చుట్టేశారు. నేను ఆనందబాష్పాలతో పుస్తకం తెరిచి పేర్లు రాసుకుంటుంటే, "నువ్వేటే గుంటా నిలబడిపోనావు? నువ్వు రెండు సేతులూ ఎత్తినావు. ఉల్లిపాయలు కాడికెల్లు" అంది.

నేను ఒక్కటీ ఎత్తలేదు. పిలిచేదాన్ని కదా, నేనెందుకు ఎత్తుతాను? కానీ ఆ మాట అంతమంది ముందు ఎలా అనను? బస్తా ముందు కూర్చున్నాను. బాష్పాలు కొనసాగాయి.

భోజనం గంట ఆలస్యమైంది. అన్నం కొంచెం ముద్దయింది. నీళ్ళు మోసినవాడి హక్కుగా బాబాయే భోజన ప్రార్థన చేశాడు, కూర చల్లారేదాకా చేశాడు. మామ్మ మొదటి పంక్తిలో కూర్చుంది. ముందుగా తినడం ఆవిడకు అలవాటు లేదు. కొత్తపెళ్ళికూతురిలా తల వంచుకుని, ముద్ద ముద్దకీ, "పిల్లలకి ముక్కలందినాయా?" అని అడుగుతూ తింది. పెద్దత్త రెండోసారి కూర వేస్తే వద్దనలేదు.

సాయంత్రం గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుంటూ ఆవిడ పక్కన కూర్చున్నాను. "మామ్మా, ప్రార్థనలో కళ్ళు తెరవడం తప్పు కదా?"

"నానెక్కడ తెరిసినానే? మీ అత్త కంట్లో మందు సుక్కలేసింది. అరగంట మూసుకోమన్నాది. మూసుకున్నాను."

నాకు పది ఆజ్ఞలూ వరసగా గుర్తొచ్చాయి. "మరి చూశానన్నావు. అబద్ధ సాక్ష్యం కాదా?"

"తప్పే. రేత్తిరి పెబువుతో సెప్పుకుంటాను. అయితే ఒలే, నాను ఎత్తనేదని ఒక్కడన్నా అన్నాడా?" అని, చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "నువ్వూ అన్నేదు."

మామ్మ ప్రభువు దగ్గరకు వెళ్ళి ఆరేళ్ళయింది. ఇప్పుడు విజయనగరంలో మా సంఘం స్త్రీల సమాజం పనులు నేనే చూస్తాను. సహాయకులను పిలవాల్సి వస్తే అందరి కళ్ళూ తెరిపించి, నేనూ తెరుచుకుని, పేరు పెట్టి పిలుస్తాను. ఈల మాత్రం ఇంకా ఉంది. కానీ పాస్టరుగారు కళ్ళు మూసుకుని చేతులెత్తమన్నప్పుడు మాత్రం ఆ పుస్తకం పట్టుకున్న ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. దాని తరఫున గట్టిగా కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఎత్తుతాను. మామ్మ మాట ఆలస్యంగానైనా నిజం చేయాలి కదా.